బల్లమీద తెరిచి ఉంచిన పతాకం

హెడ్లీ వికార్స్‌కు పన్నెండేళ్ల వయసులో తండ్రి మరణశయ్య మీద ఉన్నాడు. ఆ తండ్రి బ్రిటిష్ సైన్యంలోని రాయల్ ఇంజినీర్స్‌లో కెప్టెన్. కొడుకును దగ్గరికి పిలిచి, తలమీద చెయ్యి ఉంచి, ఈ బిడ్డ యేసుక్రీస్తుకు మంచి సైనికుడు కావాలని ప్రార్థించి కన్నుమూశాడు. యౌవనస్థుడైన తిమోతికి పౌలు రాసిన మాట (2 తిమోతి 2:3) ఆ తండ్రి నోట ప్రార్థనగా వచ్చిందన్నమాట! కుర్రవాడు సైనికుడు కావడానికి ఆ తర్వాత నాలుగేళ్లే పట్టింది. యేసుక్రీస్తుకు సైనికుడు కావడానికి మాత్రం పన్నెండేళ్లు పట్టింది.

మన సంఘాల్లో ఆదివారం ప్రార్థన మనవులు చదివేటప్పుడు సైన్యంలో ఉన్న బిడ్డల పేర్లు తరచుగా వినబడుతుంటాయి. ఒకరి అబ్బాయి లడఖ్‌లో ఉంటాడు, మరొకరి అమ్మాయి చెన్నైలో అధికారి శిక్షణలో ఉంటుంది. వారి తల్లిదండ్రులకు రెండు రకాల భయాలుంటాయి. మొదటిది ప్రాణభయం. దాన్ని బయటికే చెప్పి ప్రార్థించమంటారు. రెండోదాన్ని మాత్రం పాస్టర్‌గారి చెవిలో మెల్లిగా చెబుతారు. ఇంట్లో నేర్పిన భక్తి అక్కడ నిలుస్తుందా? మెస్‌లో అందరూ గ్లాసు ఎత్తినప్పుడు మావాడేం చేస్తాడు? ఈ వారం వికార్స్ కథ చెప్పుకోవడం ఆ రెండో భయం ఉన్నవారి కోసమే.

వికార్స్ 1826 డిసెంబరు 7న మారిషస్ ద్వీపంలో జన్మించాడు. తండ్రి అప్పుడక్కడ ఉద్యోగంలో ఉన్నాడు. తండ్రి పోయాక తల్లి ఆ కుటుంబాన్ని ఒంటిచేత్తో నడిపింది. కుర్రవాడు కొంతకాలం వూలిచ్‌లోని రాయల్ మిలటరీ అకాడమీలో చదివి, 1843 చివర్లో, పదిహేడేళ్లు నిండుతున్న సమయంలో 97వ రెజిమెంటులో ఎన్‌సైన్‌గా చేరాడు. ఆ మాటకు పతాకం అని అర్థం. రెజిమెంటు పతాకాన్ని యుద్ధంలో మోసే పని అందరికన్నా చిన్న అధికారిది కాబట్టి ఆ హోదాకు ఆ పేరే స్థిరపడింది. పతాకం ఎక్కడుంటే రెజిమెంటు అక్కడున్నట్టు. పొగలో, గందరగోళంలో సైనికుడు తలెత్తి దాన్ని వెతుక్కుని దాని చుట్టూ చేరతాడు. అది శత్రువు చేత చిక్కడం కన్నా అవమానం లేదు. మన సైన్యంలో దాన్నే ‘నిషాన్’ అంటారు. ఈ పతాకం సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు దానితో పని ఉంది.

ఈ రోజుల్లో ఒక యువకుడు అధికారి కావాలంటే ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, ఆ తర్వాత డెహ్రాడూన్‌లో ఒక ఏడాది చెమటోడ్చాలి. చివరి రోజున తల్లిదండ్రులే వచ్చి అతని భుజాలమీద నక్షత్రాలు తగిలిస్తారు. ఆ కాలపు బ్రిటిష్ సైన్యంలో అంత తతంగం లేదు. పదాతిదళంలో అధికారి పదవిని డబ్బిచ్చి కొనుక్కునే పద్ధతి కూడా ఉండేది. ఎన్‌సైన్ పదవికి ప్రభుత్వం కట్టిన వెల 450 పౌండ్లు. 1871 దాకా ఆ పద్ధతి రద్దు కాలేదు. అందువల్ల పదాతిదళ అధికారికి నిజమైన శిక్షణ రెజిమెంటులోనే దొరికేది. తండ్రి వయసున్న సార్జెంటు ఈ పదిహేడేళ్ల ‘దొర’కు కవాతు నేర్పేవాడు. తెల్లవారితే పరేడు, ఆ తర్వాత కాపలా మార్పిడి, సైనికుల భోజనం తనిఖీ, తప్పు చేసినవారి విచారణ. మధ్యాహ్నం దాటితే చేయడానికి పెద్దగా పనుండేది కాదు. చీకటి పడితే మెస్. అక్కడ వెండి పళ్లెరాలు, ద్రాక్షారసం, పేకాట, పందేలు. జీతమా, రోజుకు 5 షిల్లింగుల 3 పెన్నీలు! సాధారణ సైనికుడికి దక్కే ఒక్క షిల్లింగుతో పోలిస్తే ఎక్కువే కానీ, అధికారికి మెస్ బిల్లు కట్టాలన్నా, ఖరీదైన యూనిఫారం కుట్టించుకోవాలన్నా అది చాలేది కాదు.

మన వికార్స్ కూడా ఆ ప్రవాహంలోనే కొట్టుకుపోయాడు. దుర్మార్గుడేమీ కాదు. కలుపుగోలువాడు, సరదా మనిషి, స్నేహితులంటే ప్రాణం పెట్టేవాడు. అలాంటివారికే అప్పులు త్వరగా అవుతాయి. అతను చేసిన అప్పుల వార్త తల్లికి చేరింది. భర్త లేని ఇల్లు, చూసుకోవలసిన బిడ్డలు, అప్పుల్లో కూరుకుపోయిన కొడుకు. ఆమె మనస్సు ఎంత నలిగిందో కొడుక్కి అర్థమైంది. పశ్చాత్తాపంతో ఉత్తరాలు రాశాడు, తన వల్ల ఆమె పడిన బాధను తలచుకుని తనను తానే నిందించుకున్నాడు. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సైనికులు వచ్చి తామేం చేయాలని అడిగినప్పుడు, ఆయన వారిని ఉద్యోగం మానుకొమ్మనలేదు. ఎవరినీ పీడించవద్దనీ, జీతంతో తృప్తి పొందమనీ చెప్పాడు (లూకా 3:14). సైనికుడికి ఇంత చిన్న సలహానా అనిపిస్తుంది. కానీ మెస్ బిల్లు కింద సంతకం పెట్టే చేతికి అదెంత పెద్ద సలహానో ఆ తల్లిని అడిగితే తెలిసేది!

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ దుఃఖం నిజమైనదే, అయినా దానితోనే ఆయన మారిపోలేదు. 97వ రెజిమెంటు గ్రీసు పక్కనున్న కోర్ఫూ ద్వీపంలో ఉంది, వెస్టిండీస్‌లోని జమైకాలో ఉంది. ఊళ్లు మారాయి, సముద్రాలు మారాయి. తల్లి ఉత్తరం వచ్చినప్పుడల్లా మనస్సు కరిగేది, సాయంత్రం మెస్ గంట మోగగానే మళ్లీ గట్టిపడేది. తల్లిదండ్రుల కన్నీళ్లు మనిషిని సిగ్గుపడేలా చేస్తాయి. అంతకుమించి మార్చే శక్తి కన్నీళ్లకు లేదని చెప్పడం కష్టంగానే ఉంది కానీ, వికార్స్ జీవితంలో మాత్రం జరిగింది అదే.

1851లో రెజిమెంటు హాలిఫాక్స్ చేరింది. ఇప్పుడు కెనడాలో ఉన్న రేవు పట్టణమది. నవంబరు నెలలో ఒక సాయంత్రం వికార్స్ తోటి అధికారి గదికి వెళ్లాడు. అతను లేడు. ఎదురుచూస్తూ కూర్చున్నాడు. బల్లమీద ఒక బైబిల్ కనిపిస్తే, ఏమీ తోచక పేజీలు తిప్పాడు. 1 యోహాను మొదటి అధ్యాయం ఏడో వచనం దగ్గర చూపు ఆగిపోయింది. దేవుని కుమారుడి రక్తం ఏదో ఒక పాపాన్ని కాక ప్రతి పాపాన్నీ కడుగుతుందన్న వాగ్దానం అక్కడుంది. పుస్తకం మూసేశాడు. ఇది నిజమే అయితే, ఇకమీదట నేను ఆ రక్తంచేత కడగబడినవాడిలా బతకాలి అని నిశ్చయించుకున్నాడు.

ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. పాత జీవితం కళ్లముందు తిరిగింది. గతం సంగతి వాక్యం తేల్చేసింది, మరి రేపటి సంగతేమిటి? ఉదయం మళ్లీ అదే పరేడు, సాయంత్రం మళ్లీ అదే మెస్, అవే ముఖాలు. నిన్నటిదాకా తనతో కలిసి నవ్వినవాళ్లకు ఏమని చెప్పాలి? చెప్పేంత ధైర్యం తనకు లేదని ఆయనకే తెలుసు. అందుకని తెల్లవారగానే వెళ్లి ఒక పెద్ద బైబిల్ కొన్నాడు. తన ముందు గదిలో, వచ్చేపోయేవారికి కనబడేలా, బల్లమీద తెరిచి పెట్టాడు. ఇకమీదట ఇదే నా పతాకం అనుకున్నాడు. నాకు మాట్లాడే బలం వచ్చేదాకా నా తరఫున ఇది మాట్లాడుతుంది అన్నది ఆయన ఉద్దేశం.

ఈ ఒక్క పనిని మేము ఎన్నిసార్లు తలచుకున్నా కొత్తగానే తోస్తుంది. సాధారణంగా రక్షణానుభవం కలిగిన యువకుడిని మనమేం చేస్తాం? వెంటనే మైకు చేతికిచ్చి సాక్ష్యం చెప్పమంటాం. వికార్స్‌కు మైకు అందలేదు, అందినా నోరు పెగిలేది కాదు. ఆయన చేసింది ఉపన్యాసం కాదు, వెనక్కి వెళ్లే దారిని మూసేయడం. బైబిల్‌ను తలగడ కింద దాచుకుంటే ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చు, ఎవరికీ తెలియదు. బల్లమీద తెరిచి పెట్టాక, దాన్ని మళ్లీ మూయాలంటే అందరి ముందూ మూయాలి. పతాకం ఎత్తినవాడు దాన్ని దించితే రెజిమెంటంతా చూస్తుంది కదా! తన బలహీనత తెలిసినవాడు వేసిన ఎత్తు ఇది, ధైర్యవంతుడు చూపిన ప్రతాపం కాదు.

స్నేహితులు రానే వచ్చారు. ఒకాయన బల్లమీది పుస్తకాన్ని చూసి, ‘మెథడిస్టు’వైపోయావా అని నవ్వి వెళ్లిపోయాడు. ఆ రోజుల్లో అధికారుల నోట అది మర్యాద మాట కాదు. మరొకాయన, వేషధారివి మాత్రం కావద్దని హితవు చెప్పి, నువ్వెంత చెడ్డవాడివైనా ఇంతదాకా వస్తావనుకోలేదని బాధపడ్డాడు! క్రమంగా గదికి రాకపోకలు తగ్గిపోయాయి. ఆరేడు నెలలపాటు మెస్‌లో ఎగతాళిని తట్టుకుని నిలబడటం తనకు చాలా కష్టమైందని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. స్నేహితులంటే ప్రాణం పెట్టే మనిషికి ఇది చిన్న శిక్ష కాదు. అప్పులూ స్నేహాల వల్లే వచ్చాయి, ఒంటరితనమూ స్నేహాల దగ్గరే వచ్చింది.

ఆ ఒంటరి నెలల్లో ఆయనకు అండగా నిలిచినవారు హాలిఫాక్స్ సైనిక చాప్లిన్ డాక్టర్ ట్వైనింగ్. ఆయన నడిపే బైబిల్ తరగతికి వికార్స్ వెళ్లేవాడు. డ్యూటీ ముగిశాక రోజుకు నాలుగైదు గంటలు వాక్య పఠనంలో, ప్రార్థనలో గడిపేవాడు. ఒకప్పుడు ఏం చేయాలో తోచక పేకముక్కల ముందు కూర్చున్న ఖాళీ గంటలే అవి. సండే స్కూల్లో పిల్లలకు చెప్పడం, జబ్బుపడిన సైనికుల్ని చూడటం, కొద్దిమంది సైనికులతో కలిసి ప్రార్థించడం మెల్లమెల్లగా మొదలయ్యాయి. మాట్లాడే బలం అలా వచ్చింది. తల్లికి ఇప్పుడు వెళ్లే ఉత్తరాల్లో క్షమాపణలు తగ్గి సంతోషం పెరిగింది.

పై అధికారులు కూడా గమనించారు. ఆయన్ని రెజిమెంటుకు అడ్జుటెంట్‌గా నియమించారు. సైనికుల కవాతు, క్రమశిక్షణ, రోజువారీ ఉత్తర్వులు అన్నీ చూసే పదవి అది. మతం పిచ్చి పట్టిందనుకున్న మనిషికి ఎవరూ అలాంటి పని అప్పగించరు. వికార్స్ మారాక రెజిమెంటులో నాలుగు వందలమంది దారిలో పడ్డారని ఒక అధికారి అన్నాడట. ఆ లెక్క కొంచెం అటూ ఇటూ అయి ఉండవచ్చు, అభిమానంతో చెప్పే అంకెలు అలాగే ఉంటాయి. అయినా తాగుడే ప్రధాన జబ్బుగా ఉన్న సైన్యంలో, ఒక యువ అధికారి నడత బ్యారక్స్ దాకా పాకిందన్నది మాత్రం నమ్మదగిన మాటే. సైనికుడు అధికారి చెప్పేది వినడానికి ముందు, అధికారి సాయంత్రాలు ఎక్కడ గడుపుతాడో చూస్తాడు.

1853లో రెజిమెంటు ఇంగ్లండుకు తిరిగి వచ్చింది. తల్లితో, సోదరీమణులతో గడిపే అవకాశం దొరికింది. సోదరి క్లారా, లార్డ్ రేలీ భార్య. ఆమె పెద్ద కుమారుడు జాన్ విలియం అప్పటికి పదేళ్లవాడు. ఆర్గాన్ వాయువును కనుగొన్నవారిలో ఒకరిగా 1904లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన లార్డ్ రేలీ ఆ పిల్లవాడే. లండన్ దగ్గరి బెకెన్‌హామ్‌లో కాథరిన్ మార్ష్ అనే భక్తురాలి కుటుంబంతో కూడా వికార్స్‌కు పరిచయమైంది. అప్పుడు సిడెన్‌హామ్‌లో క్రిస్టల్ ప్యాలెస్ నిర్మాణం సాగుతోంది. మట్టి తవ్వే కూలీలు వేలమంది ఆ చుట్టుపక్కల బస చేస్తుంటే, ఆమె వారి మధ్య సువార్త సేవ చేసేది. మేలిమి యూనిఫారం వేసుకునే అధికారి కూడా వెళ్లి ఆ కూలీల మధ్య కూర్చుని వాక్యం చదివి వినిపించాడు. ఈ కాలంలోనే ఒక యువతితో ఆయనకు వివాహం కూడా నిశ్చయమైంది.

ఆ పెళ్లి జరగలేదు. 1854లో బ్రిటన్ క్రిమియా యుద్ధంలోకి దిగింది. 97వ రెజిమెంటును ముందుగా గ్రీసులోని పిరేయస్ రేవుకు పంపారు. అక్కడ శత్రువు కన్నా ముందు కలరా ఎదురైంది. నిన్న కవాతు చేసినవాడు ఈ రోజు శవమయ్యేవాడు. ఆస్పత్రి గదుల్లోకి వెళ్లడానికి చాలామంది జంకుతున్న ఆ రోజుల్లో వికార్స్ మంచాల మధ్య తిరిగాడు. చనిపోతున్నవారి పక్కన మోకరించి ప్రార్థించాడు, చనిపోయినవారిని పాతిపెట్టే చోట ప్రార్థనలు చదివాడు. ఆయన్ని తలచుకునేవారందరూ యుద్ధంలోని ఆఖరి రాత్రి గురించే ఎక్కువగా చెబుతారు. మమ్మల్ని అడిగితే ఆయన పరాక్రమం ఈ కలరా వార్డుల్లోనే ఎక్కువగా కనబడిందంటాం. ఇక్కడ బాకా ఊదేవారు లేరు, పై అధికారి చూస్తాడన్న ఆశ లేదు.

నవంబరులో క్రిమియా చేరారు. సెవస్తోపోల్ ముట్టడి, ఘోరమైన చలికాలం. నవంబరు 14న వచ్చిన తుఫానులో సైన్యానికి చలి దుస్తులు తెచ్చిన ఓడ బలక్లావా దగ్గర మునిగిపోయింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ స్కుటారి ఆస్పత్రిలో దీపం పట్టుకుని తిరిగిన చలికాలమే ఇది. కందకాల్లో బురద, గుడారాల్లో మంచు, చాలీచాలని తిండి. వికార్స్ వంతు వచ్చినప్పుడు రాత్రంతా కందకంలో గడిపి, పగలు ఆస్పత్రి గుడారాలకు వెళ్లి రోగులకు వాక్యం చదివి వినిపించేవాడు. తల్లికీ, సోదరీమణులకూ, తాను పెళ్లాడవలసిన యువతికీ ఉత్తరాలు రాసేవాడు. చలి గురించి రెండు మాటలు రాస్తే ప్రభువులో తనకున్న సంతోషం గురించి పది మాటలు రాసేవాడు.

ఈ కథ చదివేవారికి ఒక ప్రశ్న రాక మానదు. ఎదుటి కందకంలో ఉన్న రష్యా సైనికుడి మెడలో కూడా సిలువ ఉంది. అతని తల్లి కూడా కొడుకు కోసం ప్రార్థిస్తూనే ఉంది. క్రీస్తు సైనికుడు ఆ మనిషి మీదికి కత్తి ఎలా ఎత్తాడు? వికార్స్ జీవితచరిత్ర రాసిన కాథరిన్ మార్ష్ ఈ ప్రశ్న జోలికి పెద్దగా వెళ్లలేదు. కొర్నేలీ శతాధిపతిగా ఉండగానే పరిశుద్ధాత్మను పొందాడని (అపొ.కా. 10) కొందరు జవాబు చెబుతారు. కత్తి పట్టినవారు కత్తిచేతనే నశిస్తారన్న ప్రభువు మాటను (మత్తయి 26:52) మరికొందరు గుర్తుచేస్తారు. ఆదిసంఘం కాలం నుంచీ విశ్వాసులు ఈ విషయంలో రెండు వైపులా ఉన్నారు. సైన్యంలో బిడ్డలున్న తల్లిదండ్రులకు ఇది పుస్తకాల్లోని చర్చ కాదు, రాత్రి నిద్ర పట్టని ప్రశ్న. వికార్స్ తన కర్తవ్యాన్ని విడిచిపెట్టలేదు, శత్రువును ద్వేషించమని తన సైనికులకు నేర్పనూ లేదు. ఆయన జీవితంలో మనకు దొరికే జవాబు ఇంతవరకే.

1855 మార్చి 21న బ్రిటన్ అంతటా ఉపవాస ప్రార్థన దినం పాటించారు. మరునాటి రాత్రి వికార్స్ తన మనుషులతో ముందు వరుస కందకంలో ఉన్నాడు. చీకటిలో పెద్ద గుంపు ఒకటి దగ్గరికి వస్తోంది. మిత్రులైన ఫ్రెంచివారేమోనని కొందరనుకున్నారు. వారు రష్యన్లని వికార్స్ కనిపెట్టాడు. తనవారిని నేలమీద పడుకోబెట్టి, శత్రువు బాగా దగ్గరికి వచ్చేదాకా ఆపి, కాల్పులు జరిపించి, 97వ రెజిమెంటును పేరుపెట్టి కేకేసి అందరికన్నా ముందు తానే గట్టు దాటి దూకాడు. వెంట ఉన్నవారు దాదాపు 200 మంది, ఎదురుగా వచ్చినవారు అంతకు ఎన్నో రెట్లు. ముందు బాయొనెట్టు గాయమైంది, అయినా ఆగలేదు. తర్వాత తూటా భుజం దగ్గరి రక్తనాళాన్ని తెంచింది. మోసుకెళుతున్న సైనికులతో గాయం చిన్నదేనని చెప్పాడు. గుడారం చేరేసరికే ప్రాణం పోయింది. వయసు 28 ఏళ్లు. సర్వసేనాని లార్డ్ రాగ్లాన్ తన నివేదికలో ఆయన పేరు రాశాడు. దాడి ఆగింది, కందకం నిలిచింది. యుద్ధం మరుసటి ఏడాది సంధితో ముగిసింది.

కాథరిన్ మార్ష్ రాసిన జీవితచరిత్ర వేల సంఖ్యలో అమ్ముడుపోయింది. ఒకప్పుడు ఆయన గదికి రావడం మానేసినవారి లాంటి అధికారుల బల్లలమీదికి కూడా ఆ పుస్తకం వెళ్లింది. అందులో ఎక్కువ భాగం ఆయన ఉత్తరాలే. హాలిఫాక్స్ నుంచి తల్లికి రాసిన సంతోషపు ఉత్తరాలు ఉన్నాయి, క్రిమియా గుడారంలో రాసినవీ ఉన్నాయి. వాటికి ముందు, అప్పులు చేసి ఆమెను ఏడిపించిన రోజుల్లో రాసిన ఉత్తరాల మాటలు కూడా ఉన్నాయి. వాటిని అచ్చుకాకుండా ఆపాలనుకుంటే కుటుంబం ఆపగలిగేదే. ఆపలేదు.